కరివేపాకు చిగురు మీద పురుగు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో ఊరగాయ సీసాల మధ్యన, చీర మడతల్లో, తడిగుడ్డ చుట్టి దాచిన కరివేపాకు కట్ట ఉండటం మనకి కొత్త కాదు. ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఆఫీసరు దాన్ని తీసి చెత్తబుట్టలో పడేస్తే ఆ కథ పది విందుల్లో చెప్పుకుంటాం. "కారప్పొడి వదిలాడు, కందిపొడి వదిలాడు, తినే ఆకుని మాత్రం పట్టుకున్నాడు" అని. ఆఫీసరుకి మన వంట తెలియకే ఇదంతా అని చాలామంది అనుకుంటారు. వంట తెలియకపోవచ్చు గానీ, ఆకు సంగతి మాత్రం ఆ శాఖకి బాగా తెలుసు. ఆ తెలియడం వెనక ఒక పెద్ద చరిత్ర ఉంది. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను, కంప్యూటర్లతో పొట్ట పోసుకునేవాణ్ణి. ఆసక్తి కొద్దీ చదివింది మీతో పంచుకుంటున్నాను. కరివేపాకు దగ్గరికి రావాలంటే ముందు కాస్త అడవిలోకి వెళ్ళి రావాలి. ఓపిక పట్టండి.

అడవి నిండా ఆకులు. ఆకుల్ని తినే పురుగులు లెక్కలేనన్ని. మరి పురుగులు ఆకులన్నీ ఎందుకు తినెయ్యవు? అడవి ఇంకా పచ్చగా ఎందుకుంది? చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలా ఉంది కదూ. 1960లో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన హెయిర్‌స్టన్, స్మిత్, స్లొబోడ్కిన్ అనే ముగ్గురు సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకుని, పురుగుల్ని తినే పక్షులూ, సాలీళ్ళూ, ఇతర కీటకాలూ ఉన్నాయి కాబట్టి పచ్చగా ఉందని జవాబు చెప్పారు. అందులో నిజం ఉంది. కానీ సగమే.

మిగతా సగం అంతకు ఏడాది ముందే ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. గాట్‌ఫ్రీడ్ ఫ్రెంకెల్ నాజీల కాలంలో జర్మనీ వదిలి వచ్చిన కీటక శాస్త్రజ్ఞుడు. ఆకుల్లో చేదు, వగరు, ఘాటు కలిగించే పదార్థాలు వేల రకాలున్నాయి. మొక్క పెరగడానికి వీటితో పనేమీ లేదు. అందుకని అప్పటిదాకా చాలామంది వీటిని మొక్క వదిలించుకోలేకపోయిన చెత్త అనుకునేవారు. ఫ్రెంకెల్ 1959లో 'సైన్స్' పత్రికలో, అది చెత్త కాదు, పురుగుల్ని తరిమే సరంజామా అని రాశాడు. ఆకుల్లో ఉండే పిండీ మాంసకృత్తులూ అన్ని మొక్కల్లోనూ ఇంచుమించు ఒకటే. ఏ పురుగు ఏ మొక్కని తింటుందో తేల్చేది ఈ ఘాటు పదార్థాలే అన్నాడు. మనం పోపులో వేసుకుని ఆనందించే వాసన ఉందే, అది మన కోసం తయారైంది కాదన్నమాట. పురుగుని పొమ్మనటానికి తయారైంది!

1964లో స్టాన్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ ఈ ఆలోచనని ఇంకాస్త ముందుకి తీసుకెళ్ళారు. ఒకాయన సీతాకోకచిలుకల మనిషి, ఇంకొకాయన మొక్కల మనిషి. ఏ సీతాకోకచిలుక పిల్లలు ఏ మొక్కల్ని తింటాయో చూస్తే ఒక వరస కనబడింది. మొక్క ఒక కొత్త విషం తయారు చేస్తుంది. చాలా పురుగులు తప్పుకుంటాయి. ఎప్పటికో ఏదో ఒక పురుగు ఆ విషాన్ని అరిగించుకోవడం నేర్చుకుంటుంది. ఇక దానికి పోటీ లేదు. మిగతావాళ్ళని దూరం పెట్టిన ఆ వాసనే దానికి ఇంటి నంబరవుతుంది.

దీనికి ఉదాహరణ మన పెరట్లోనే ఉంది. మన ఊళ్ళో కరివేప చెట్టు మీద పక్షి రెట్టలాగా నల్లగా తెల్లగా ఉండి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారే గొంగళిపురుగుల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అవి నిమ్మ చెట్టు మీద కూడా ఉంటాయి. వేప మీద ఉండవు, జామ మీద ఉండవు. ఎందుకంటే కరివేపాకుది నిమ్మ కుటుంబం. పేరులో వేప ఉంది గానీ వేపతో దానికి దగ్గరి చుట్టరికం లేదు. పురుగుకి ఆ సంగతి వాసన చూస్తే తెలిసిపోతుంది. వృక్షశాస్త్రజ్ఞులు పూలూ కాయలూ కోసి చూసి తేల్చినదాన్ని అది కాళ్ళతో తడిమి తేల్చుకుంటుంది. అమెరికాలో మన వాళ్ళు కుండీల్లో కొత్తిమీర వేసినప్పుడు నలుపూ ఆకుపచ్చా చారల గొంగళిపురుగు పడుతుంది చూడండి, అది కూడా ఈ సీతాకోకచిలుకల బంధువే. నిమ్మ కుటుంబంలోనూ కొత్తిమీర కుటుంబంలోనూ కొన్ని నూనెలు ఒకే రకం.

మాట వచ్చింది కనక ఒక చిన్న పక్కదారి. కరివేపాకు శాస్త్రీయ నామంలో 'కోనిగీ' అనే మాట ఉంటుంది. లిన్నేయస్ 1771లో పెట్టిన పేరది. కోనిగ్ ఆయన శిష్యుడు. 1768లో తమిళ దేశపు తీరంలో డేనిష్ వాళ్ళ స్థావరమైన తరంగంబాడికి వచ్చాడు. ఆర్కాటు నవాబు దగ్గరా, ఆ తరవాత ఈస్టిండియా కంపెనీలోనూ పని చేశాడు. 1785లో ఆయన కన్నుమూసింది మన కాకినాడ పక్కన జగన్నాథపురంలో. అప్పటికి అక్కడికి దగ్గర్లోనే, సామర్లకోటలో, విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు మొక్కలు పెంచుతూ వాటికి బొమ్మలు వేయిస్తూ ఉన్నాడు. లక్క పురుగు మీద ఆయన సామర్లకోట నుంచి రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ వాళ్ళ పత్రికలో అచ్చయింది. చెట్టు మీద పురుగు అనే విషయానికీ మన గోదావరి జిల్లాకీ అలా పాత సంబంధమే ఉంది.

మళ్ళీ అడవిలోకి వెళ్దాం. ఈసారి నిజంగా అడవిలోకే. పనామా కాలవ కోసం చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టినప్పుడు, 1913 ప్రాంతాల్లో, నీళ్ళు పెరిగి కొండలన్నీ మునిగాయి. మునగకుండా మిగిలిన ఒక కొండ దీవి అయింది. దాని పేరు బారో కొలరాడో. ఆ ప్రాంతం అప్పట్లో అమెరికా చేతిలో ఉండేది. 1923లో దీవిని పరిశోధనకి కేటాయించారు. 1946 నుంచి స్మిత్సోనియన్ సంస్థ చూసుకుంటోంది. ఉష్ణమండలపు అడవిని ఏళ్ళ తరబడి ఒకేచోట కూర్చుని చూడటానికి అమెరికన్లకి దొరికిన బడి అది.

ఆ దీవి మీద ఫిలిస్ కోలీ అనే ఆవిడ చేసిన పని చూడండి. అప్పటిదాకా ఆకుల గురించి సిద్ధాంతాలు బోలెడు, కొలతలు తక్కువ. ఆవిడ 46 రకాల చెట్ల మొక్కల్ని తీసుకుని, ఆకుల మీద గుర్తులు పెట్టి, లేత ఆకు రోజుకి ఎంత పోతోంది, ముదురాకు రోజుకి ఎంత పోతోంది అని కొలిచింది. దాంతోపాటు ఆకులో వగరెంత, పీచెంత, నూగుందా లేదా, నీళ్ళెన్ని, నత్రజని ఎంత అన్నీ చూసింది. ఆకు గట్టిదనం కొలవడానికి ఒక చిన్న సాధనం వాడింది. ఆకుని బిగించి పట్టి, సన్నటి కడ్డీతో చిల్లు పడాలంటే ఎంత బరువు మోపాలో చూడటం. అంతే. వినడానికి తేలికే. కానీ ఆ ఉక్కలో, ఆ దోమల్లో, ఒక్కో ఆకు దగ్గరికీ మళ్ళీ మళ్ళీ వెళ్ళి చిల్లులు లెక్కపెట్టాలంటే ఎంత ఓపికుండాలి! ఆ ఫలితాలు 1983లో అచ్చయ్యాయి.

ఏం తేలింది? ఏదైనా పెద్ద చెట్టు పడిపోయి ఎండ పడ్డచోట గబగబా పెరిగే చెట్ల ముదురాకుల్ని పురుగులు తినే వేగం, నీడలో నిదానంగా పెరిగే చెట్ల ముదురాకులతో పోలిస్తే ఆరు రెట్లు ఎక్కువ. అన్నిటికన్నా పురుగుని బాగా ఆపింది విషం కాదు, ఆకు గట్టిదనం. ఇది చాలామంది ఊహించనిది. తొందరగా పెరిగే చెట్టుకి ఆకు పోతే ఇంకో ఆకు వేసుకోగలదు. నీడలో పెరిగేదానికి ఒక్కో ఆకూ ఏళ్ళ తరబడి పనికి రావాలి. అందుకని దాన్ని గట్టిగా కట్టుకుంటుంది. కోలీ మరో ఇద్దరితో కలిసి 1985లో ఈ లెక్కని ఒక సిద్ధాంతంగా రాసింది.

మన ఊరి పోలిక చెప్పాలంటే మునగ, అడ్డాకు. మునగ ఇట్టే పెరుగుతుంది, ఆకు మెత్తన, వర్షాకాలంలో మాను మీద గొంగళిపురుగులు గుంపులు గుంపులుగా ఉండి, చెట్టుకింద నడవాలంటే భయం. అడ్డాకు విస్తళ్ళు కుట్టుకునేటంత గట్టిది. ఈ పోలికని మరీ సాగదియ్యకండి. ఆదిలాబాద్ అడవుల్లో టేకాకు ఎంత బిరుసుగా ఉంటుందో తెలుసుగా. అయినా ఒక పురుగు ఈనెల మధ్యనున్న మెత్తటి భాగం మాత్రం గీరి తినేసి, ఆకుని జల్లెడలా మిగులుస్తుంది. గట్టి గోడకి కన్నం వేసే దొంగ ఎప్పుడూ ఉంటాడు. ఇంకో సంగతి, పురుగు తిన్నంత మాత్రాన అంతా నష్టమే అనుకోనక్కర్లేదు. మహదేవపూర్, చెన్నూరు వైపు మద్ది చెట్ల ఆకుల్ని పురుగుకి కావాలని మేపి దసలి పట్టు తీస్తారు.

అసలు విషయం లేత ఆకు దగ్గరుంది. కోలీ చూసిన చెట్లలో ఎక్కువ రకాలకి ముదురాకు కన్నా చిగురుకే దెబ్బ ఎక్కువ. తరవాతి కాలంలో కోలీ, ఆవిడతో పనిచేసినవాళ్ళూ ఉష్ణమండలాల లెక్కలన్నీ పోగేస్తే, తేమ అడవుల్లో నీడలో పెరిగే చెట్ల ఆకు తన జీవితం మొత్తంలో పడే దెబ్బలో సుమారు 70 శాతం, అది విచ్చుకునే ఆ కొద్ది రోజుల్లోనే పడుతోందని తేలింది. ఎందుకూ అంటే, ఆకు పెరగాలంటే దాని కణాల గోడలు సాగాలి. సాగాలంటే మెత్తగా ఉండాలి. గట్టిపడిందా, పెరగడం ఆగిపోయినట్టే. అంటే ఏ చెట్టయినా సరే, ఎంత గట్టి ఆకుదైనా సరే, కొన్నాళ్ళు కవచం లేకుండా బయట నిలబడక తప్పదు. పైగా ఆ రోజుల్లోనే ఆకులో మాంసకృత్తులు ఎక్కువ. పురుగుకి మృష్టాన్నం.

చెట్లు ఊరుకుంటాయా? కొన్ని చిగుళ్ళన్నీ ఒకేసారి వేసేస్తాయి, పురుగు ఎన్నని తింటుంది అని. కొన్ని ఆకుని చాలా వేగంగా పెద్దది చేసేస్తాయి. మరికొన్ని ఆకు గట్టిపడేదాకా పచ్చదనమే నింపవు. తెల్లగానో ఎర్రగానో వదిలేస్తాయి. పోయినా పెద్ద నష్టం లేకుండా, ఖర్చు పెట్టాల్సింది ఆఖర్న పెడతాయి. మామిడి చిగురు రాగి రంగులో వేలాడుతుంది కదా, రావి చిగురు గులాబీ రంగులో మెరుస్తుంది కదా, ఆ ఎరుపెందుకో శాస్త్రజ్ఞుల మధ్య రకరకాల వాదనలున్నాయి. మన కవులు మామిడి చిగురు కోయిల తినడానికే ఉందన్నారు.

ఇప్పుడు కరివేపాకు దగ్గరికి రావచ్చు. సూట్‌కేసులో పెట్టే కట్టలో ఏ రెబ్బల్ని ఏరి పెడతాం? లేతవి. మొక్కకి రెమ్మ తుంచిన కొద్దీ కొత్త చిగురు వేస్తుంది. ఆ చిగురు కోసమే బతికే పురుగు ఒకటుంది. పేరు సిల్లా. నిమ్మ, బత్తాయి తోటల రైతులకి బాగా తెలుసు. 3, 4 మిల్లీమీటర్లుంటుంది. ఆకు మీద తల కిందికీ తోక పైకీ పెట్టి ఏటవాలుగా కూర్చుంటుంది. నమలదు, సూదిలాంటి మూతితో రసం పీలుస్తుంది. పెద్ద పురుగు ముదురాకు మీదైనా గడుపుకోగలదు గానీ, గుడ్లు మాత్రం విచ్చుకునే చిగురు మడతల్లోనే పెడుతుంది. ఒక్కో ఆడపురుగు 800 గుడ్ల దాకా పెట్టగలదు. అంటే ఆవిడ పనామాలో కొలిచిన ఆ రక్షణ లేని కొద్ది రోజులే దీనికి పురిటిల్లు.

తైవాన్‌లో దొరికిన పురుగుని చూసి 1908లో దీనికి పేరు పెట్టారు. దీని మీద సమగ్రంగా రాసింది మాత్రం మన దేశంలోనే. అప్పటి పంజాబులో లాయల్‌పూర్‌లో పనిచేసిన హుస్సేన్, నాథ్ అనేవాళ్ళు 1927లో నిమ్మజాతి తోటలు ఈ పురుగుతో ఎలా దెబ్బ తింటున్నాయో రాశారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఫైసలాబాద్. పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. పురుగు పీల్చే రసం కన్నా అది మోసుకొచ్చే బాక్టీరియా అసలు ప్రమాదం. చైనాలో ఆ జబ్బుని హువాంగ్‌లాంగ్‌బింగ్ అంటారు. పత్రికల్లో దీన్ని 'పసుపు డ్రాగన్ జబ్బు' అని రాస్తుంటారు గానీ, అక్కడి రైతుల మాండలికంలో ఆ మాటకి అర్థం పసుపు చిగురు జబ్బు. చూశారా, అక్కడా చిగురే! ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతాయి, కాయ వంకరపోయి, పండక ఆకుపచ్చగా చేదుగా రాలిపోతుంది, కొన్నేళ్ళకి చెట్టు చచ్చిపోతుంది. మందు లేదు. మన దేశంలో ఆ జబ్బుని మోసేది ఈ సిల్లానే అని 1967లో కపూర్, రావు, విశ్వనాథ్ అనే భారతీయ శాస్త్రజ్ఞులు చూపించారు.

అమెరికాలో ఈ పురుగు మొదట కనబడింది 1998లో, ఫ్లారిడాలో పామ్ బీచ్ కౌంటీలో. ఎలా వచ్చిందంటే మాత్రం వేలెత్తి ఒకరిని చూపించడానికి లేదు. అక్కడి నుంచి ఎలా పాకిందో తెలుసు. ఇళ్ళ ముందు కంచెగా పెంచే, తెల్లటి పూలు పూసే ఆరెంజ్ జాస్మిన్ అనే మొక్క కూడా కరివేపాకుకి దగ్గరి చుట్టమే. ఆ కుండీలతో పాటు 2001లో పురుగు టెక్సస్ చేరింది. 2005లో ఫ్లారిడాలో జబ్బు కూడా బయటపడింది. 2003–04లో ఫ్లారిడా నారింజ పంట సుమారు 24.2 కోట్ల పెట్టెలు. పెట్టె అంటే 90 పౌన్లు. 2022–23కి అది సుమారు 1.6 కోట్ల పెట్టెలకి పడిపోయింది. తుఫానులూ, తోటలు కొట్టేసి ఇళ్ళు కట్టడమూ కూడా కారణాలే. అన్నీ కలిసినా, ఈ జబ్బు లేకపోతే ఇంత పతనం ఉండేది కాదు. మూడు తరాలుగా నారింజ తప్ప ఇంకోటి ఎరగని కుటుంబాలు తోటలు తీసేశాయి. మనలో పల్లెటూరి నుంచి వచ్చినవాళ్ళకి ఆ బాధ ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కాలిఫోర్నియాకి పురుగు 2008లో వచ్చింది. అక్కడ జబ్బు మొదట దొరికింది పెద్ద తోటలో కాదు, లాస్ ఏంజెలస్ దగ్గర హసియెండా హైట్స్‌లో, ఒక ఇంటి పెరటి చెట్టుకి, 2012లో. అంతకు ముందు 2009లో ఫ్రెస్నోలో, ఇండియా నుంచి వచ్చిన ఒక పార్సెల్‌ని శిక్షణ పొందిన కుక్క వాసన పట్టింది. లోపల కరివేపాకు. దాని మీద సిల్లా పిల్లలు. మన సూట్‌కేసు కథ అక్కడ రికార్డుకెక్కింది.

విచిత్రమేమిటంటే కరివేప చెట్టుకి ఈ జబ్బు అంటుకోదు. పరిశోధనల్లో ఆ బాక్టీరియా కరివేపలో నిలదొక్కుకున్నట్టు కనబడలేదు. చెట్టు నిక్షేపంగా ఉంటుంది, చిగుళ్ళు పచ్చగా నిగనిగలాడుతుంటాయి, పురుగు మాత్రం హాయిగా కాపురం చేసుకుంటుంది. అందుకే చూసి కనిపెట్టడం కష్టం. "మా మొక్క శుభ్రంగా ఉందండీ" అని మనం అనేది అబద్ధం కాదు, కానీ అది ఎదుటివాళ్ళ నిమ్మచెట్టుకి హామీ కాదు. ఇండియా నుంచి తాజా కరివేపాకు తేవడం నిషేధం. ఇక్కడ క్వారంటైన్ ఉన్న కౌంటీల నుంచి మొక్క బయటికి పట్టుకెళ్ళడం కూడా నిషేధమే. ఈ రెండోది మన వాళ్ళలో చాలామందికి తెలియదు. కరివేప వేళ్ళ నుంచి పిలకలు వేస్తుంది, పిలక తీసి చెల్లెలికిస్తాం, వదినకిస్తాం, ఇల్లు మారితే కారు వెనక సీట్లో కూర్చోబెట్టి రెండు రాష్ట్రాలు దాటిస్తాం. ఆ పిలక ఇవ్వడంలో ఉన్న ఆప్యాయత నాకూ తెలుసు. కానీ పురుగు ప్రయాణం కూడా సరిగ్గా అలాగే జరుగుతుంది. మొక్క కావాలంటే, దోమతెరలాంటి వలల కింద పెంచి పరీక్ష చేసి అమ్మే సర్టిఫైడ్ నర్సరీలున్నాయి. కాస్త ఖరీదెక్కువ, అంతే.

ఇంతకీ ఫైసలాబాద్ గుర్తుంది కదా. కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ క్యాంపస్‌లో పనిచేసే మార్క్ హోడిల్ అనే ఆయన, ఈ పురుగు పుట్టిన చోట దాని శత్రువు కూడా ఉండాలి కదా అని, అక్కడికి వెళ్ళాడు. టమరిక్సియా అనే ఒక చిన్న కందిరీగ జాతిని తెచ్చాడు. చీమకన్నా చిన్నది. సిల్లా పిల్ల పొట్ట కింద గుడ్డు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చింది సిల్లాని తినేస్తుంది. ఒక్కో కందిరీగ 500 దాకా సిల్లాల్ని మట్టుపెట్టగలదట. క్వారంటైన్‌లో పరీక్షలన్నీ అయ్యాక 2011 డిసెంబరులో వాటిని వదిలారు. జబ్బు ఆగిపోయిందని కాదు గానీ, పెరటి చెట్ల మీద పురుగు తగ్గింది.

ఈ కందిరీగల్ని లక్షల్లో పెంచాలంటే ముందు సిల్లాల్ని పెంచాలి. సిల్లాల్ని పెంచాలంటే ఎప్పుడూ చిగుళ్ళు వేసే మొక్క కావాలి. నిమ్మ వాడితే జబ్బు కూడా పెరిగే భయం ఉంది. చిగుళ్ళు వేస్తూ, జబ్బు అంటని మొక్క ఏదంటే కరివేప. కాలిఫోర్నియాలో ఆ పెంపకం గదుల్లో వరసలు వరసలుగా కరివేప మొక్కలు కుండీల్లో ఉంటాయి. రెమ్మలు కత్తిరిస్తుంటారు, కొత్త చిగురు రావడానికి. కత్తిరించిన ఆకు మాత్రం పోపులోకి వెళ్ళదు.